బోల్టు మూసుకుందిగా!

“త్రీ హండ్రెడ్ ఒక పెట్టె ఇవ్వు,” అన్నాడతను, రైఫిల్ సంచీని కౌంటరు మీద ధన్‌మని పడేసి.

తూటాల షాపులో కౌంటరు చూసుకునే ఆవిడ తలెత్తింది. నలగని చొక్కా, నల్ల కళ్ళద్దాలు, వీధి చివరికి వినిపించే గొంతు. సరుకు తక్కువ, ఆర్భాటం ఎక్కువ. ఆ వాలకం చూడగానే ఆవిడకు ఒళ్ళు మండింది.

“త్రీ హండ్రెడ్ అంటే ఏది సార్? ఆ అంకెతో మొదలయ్యేవి అరడజను రకాలున్నాయి. అది గుండు లావు, అదీ ఉజ్జాయింపుగా. ఒకదాని తుపాకీలో ఇంకొకటి పెట్టకూడదు. చెప్పుల షాపుకెళ్ళి ‘కాలికి ఒకటి ఇవ్వు’ అన్నట్టుంది మీ వరస.”

లోపలి గదిలో ఓనరు దగ్గాడు. ఆ దగ్గుకు అర్థం ఆవిడకు తెలుసు. చేరి ఏడాది కాలేదు, అప్పుడే ఆవిడ నోటి మీద బోలెడు ఫిర్యాదులు. ఇంకొక్కటి వస్తే ఇంటికి పంపేస్తానని మొన్ననే చెప్పాడు. ఈ ఉద్యోగం పోతే ఆవిడకు ఇల్లు గడవదు.

“బ్లాకౌటో ఏదో! మా ఫ్రెండు వాడతాడు. ఇదిగో, వాడిచ్చినవే.”

జేబులోంచి గుప్పెడు తూటాలు తీసి పోశాడు. అందులో అతని సొంతవి కూడా ఉన్నాయి. అన్నీ చిల్లర డబ్బుల్లా కలిపేసుకుని తిరుగుతున్నాడు మహానుభావుడు.

ఆవిడ తూటా గదిని మూసే బోల్టు వెనక్కి లాగి, రైఫిల్ ఖాళీగా ఉందో లేదో చూసుకుని, గొట్టం మీద చెక్కిన అంకెల దగ్గర వేలు పెట్టింది.

“చదవండి.”

“టూ ట్వంటీ త్రీ.”

“మరి దీనికి త్రీ హండ్రెడ్ ఎందుకు?”

“తూటా నా రైఫిల్ మేగజీన్‌లో పట్టింది. బోల్టు కూడా మూసుకుందిగా! ఇంకేం కావాలి?”

“బుర్ర కావాలి సార్.”

ఓనరు మళ్ళీ దగ్గాడు, ఈసారి గట్టిగా.

ఆవిడ రెండు తూటాలు పక్కపక్కన నిలబెట్టింది. “రెండింటి అడుగూ ఒకటే, అందుకే పట్టింది. పైనున్న గుండు చూడండి. ఇది దాదాపు ఎనిమిది మిల్లీమీటర్లు. మీ గొట్టం ఆరు కూడా లేదు. ట్రిగ్గర్ నొక్కితే తుపాకీ ముక్కలై మొహం మీదికొస్తుంది. గొట్టం మీద ఏముందో పెట్టె మీదా, తూటా అడుగునా పొల్లుపోకుండా అదే ఉండాలి. అర్థమయిందా, ఇంకోసారి చెప్పాలా?”

అతని మొహం కందగడ్డయింది.

“అమ్ముకునేదానివి, నాకు పాఠాలు చెప్తావా? ఆ నోటికి ఏ మొగుడు ఆగుతాడు?”

“ఆగలేదు లెండి.”

ఒక్కో తూటా తిప్పి, అడుగున ఉన్నది పైకి చదువుతూ వేరుచేసింది. ఫ్రెండు ఇచ్చినవన్నీ సొరుగులో వేసి తాళం పెట్టింది. “ఇవి మీ ఫ్రెండునే వచ్చి తీసుకెళ్ళమనండి.” టూ ట్వంటీ త్రీ పెట్టె ఒకటి ముందుకు తోసింది. “మీకు పనికొచ్చేది ఇది. మీరు తలకిందులుగా తపస్సు చేసినా రెండోది ఇవ్వను.”

అతను పెట్టె లాక్కున్నాడు. లోపలి గదికి వినపడేలా షాపునీ, ఆవిడనీ, ఓనరునీ కలిపి తిట్టి, తలుపు విసురుగా వేసి పోయాడు.

ఓనరు బయటికి వచ్చాడు.

“నీకెన్నిసార్లు చెప్పాలమ్మా? అడిగింది ఇచ్చి పంపిస్తే మన సొమ్మేం పోయింది? పేలితే వాడి మొహమేగా పేలేది!”

“వాడి మొహం ఒక్కటే అయితే విడాకులైన రోజే రెండు పెట్టెలు కట్టిచ్చి పంపేదాన్నండీ, కానీ ప్రతి ఆదివారం షూటింగ్ రేంజిలో వాడి పక్కన నిలబడేది మా అమ్మాయి.”