సరిచేసిన వేలు

నరసాపురంలో ఇప్పుడు ఎవరి ఫోనులోనూ సొంతంగా దాచుకున్న అల్లిక వీడియో ఒక్కటీ ఉండదు. లేసు అల్లికల సైటులో ఒకప్పుడు రెండు మీటలుండేవి, ‘చూడు’, ‘దించుకో’ అని. ఫోను నిండిపోతుందని జనమంతా ‘చూడు’ నొక్కారు. రెండోదాన్ని సైటువాళ్లు పీకేస్తే ఒక్కరూ నోరెత్తలేదు.

ఫిలోమినా కూడా ఎత్తలేదు. చనిపోయిన తల్లి మార్తమ్మ అల్లిక వీడియో అక్కడే ఉంది. ఆవిడ వేసే ముడి ఇంకెవరికీ రాదు. వీడియో ఉందిగా అని ఫిలోమినా నేర్చుకోడానికి బద్ధకించింది. ఆ మధ్యాహ్నం కోడలు సువార్తతో కలిసి చూస్తూ అల్లితే, ముడి మూడుసార్లూ ఊడిపోయింది.

“అత్తయ్యా, అమ్మమ్మగారి చిటికెన వేలు వంకర కదా? ఇందులో తిన్నగా ఉందేంటి?”

ఫిలోమినా కళ్లజోడు సర్దుకుంది. నిజమే, వేలు తిన్నగా ఉంది, గోరు మెరుస్తోంది. చూసేవాళ్లకి ముచ్చటగా ఉండాలని సైటు బాగుచేసిందని కింద రాసుంది! అమ్మ దారాన్ని మెలేసి బిగబట్టింది ఆ వంకరకే కదా.

“థూ! శవానికి రంగేసి కూర్చోబెట్టారు, సన్నాసులు.” ఫిలోమినా వీడియో ఆపేసింది.

“పోనీ మీరు వేలు వంచి వేసి చూపించండి, వీడియో తీస్తాను,” అంటూ సువార్త ఫోను ఎత్తింది. ‘ముడతలు తీసేయమంటారా?’ అని తెర అడిగింది. అడుగుతూనే తీసేసింది కూడా.

“దాన్ని అవతల పారేసి నా పక్కన కూర్చో. వేలు వంచు. ఇంకా వంచు. నొప్పెట్టాలి.”

దారం సువార్త వేలిమీద ఎర్రగా కోసుకుంది. ముడి నిలిచింది.