రెండో మెట్టు

"మా బోరు ఎండిపోయిందమ్మా. కొంచెం రాసుకో."

ముసలాయన చెప్పులు బయటే విడిచి గుమ్మంలో నిలబడ్డాడు.

హేమలత కంప్యూటర్ మీంచి తలెత్తలేదు. కరువు పల్లెలకు నీళ్ళ ట్యాంకర్లు పంపే కంప్యూటర్ ప్రోగ్రాంను చూసుకోవడం అనంతపురంలోని ఆ చిన్న ఆఫీసు పని. దాన్ని సర్కారు ఆఫీసు అనుకుని బోర్లు ఎండిన రైతులు రోజూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు.

"కొత్త బోరుకు సాయం ఈడ ఇయ్యరు తాతా."

"నాకేం వద్దమ్మా. ఎండిందని రాసుకుంటే చాలు."

"సరే, రాసుకుంటాలే."

పేరూ ఊరూ అడక్కుండానే అనేసింది. ఆయన చేతులు జోడించి వెళ్ళిపోయాడు.

ఆమె తలనొప్పి ఆమెది. ముదిగుబ్బ అవతల నల్లగుట్టపల్లెకు తొమ్మిది రోజులుగా నీళ్ళు లేకున్నా ట్యాంకరు పోవడం లేదని ఫిర్యాదు. నలభై ఇళ్ళు. తాగడానికి చుక్క లేదట. కాగితంలో ఊరి పేరే తప్ప ఫోన్ నంబరు లేదు.

ప్రోగ్రాంలో తప్పులు వెతికేది ఏఐ. పోయిన నెల అది గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఒక తప్పు దిద్దబోయి మూడు ఊళ్ళ ట్యాంకర్లు ఆపేసింది. అప్పుడే పక్క సీటు గిరి దానికొక పద్ధతి బిగించాడు. మెట్టు మెట్టుగా ఆలోచించాలి. తెలిసిందేదో, అనుకున్నదేదో విడిగా రాయాలి. అనుకున్నదాన్ని ఎవరైనా చూసి చెప్పేదాకా తర్వాతి మెట్టు ఎక్కకూడదు.

ఇప్పుడు తెర మీద ఇలా రాసింది.

"మొదటి మెట్టు. ఆ ఊళ్ళో నీటి వనరు నంబరు 17 పారుతున్నట్టు రికార్డులో ఉంది. అందుకే ప్రోగ్రాం ట్యాంకరు పంపడం లేదు. ఇది తెలిసింది.

రెండో మెట్టు. వనరు 17 ఇప్పటికీ పారుతోంది. ఇది అనుకున్నది. ఎవరైనా చూసి చెప్పండి."

"ఎవురు పోతారప్పా ఈ ఎండలో? పంచాయతీ బోరు అయ్యుంటాది. ఎండిపోతే వాళ్ళే చెప్పరా?" అంది హేమలత.

"చూడకుండా చూసినామని రాస్తే, నేను బిగించిందెందుకు మరి?" అన్నాడు గిరి.

"రేపు నువ్వు పోయిరా అయితే."

గిరి తన కంప్యూటర్ వైపు తిరిగాడు. ఎండ ఆయనకూ ఎండే.

హేమలత టైపు చేసింది: "చూశాం. పారుతోంది."

ఏఐ నమ్మింది. మూడో మెట్టెక్కి, ప్రోగ్రాంలో లేని తప్పు కోసం వెతకడం మొదలుపెట్టింది.

మూడో రోజు ముసలాయన మళ్ళీ వచ్చాడు.

"రాసినావా అమ్మా?"

"రాసినా పో తాతా."

"సల్లగుండు తల్లీ," అన్నాడు. ఆ ముఖం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. ఆమె చూడలేదు.

ఆరో రోజు ఏఐ చేతులెత్తేసింది.

"పద్నాలుగు మెట్లు చూశాను. ప్రోగ్రాంలో తప్పు లేదు. రెండో మెట్టుకు జవాబు ఇచ్చినవారు స్వయంగా చూశారా?"

హేమలతకు సిగ్గేసింది. ఆ జవాబు రాశాక ఏ మనిషీ అడగని మాట అది అడిగింది. మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది.

నల్లగుట్టపల్లెలో రోడ్డు పక్కన ఖాళీ బిందెలు వరసగా ఉన్నాయి. వాటికి కాపలాగా ఓబమ్మ అనే ఆమె కూర్చుని ఉంది.

"ట్యాంకర్ల ఆఫీసు నుంచి వచ్చినా. మీ పంచాయతీ బోరు యాడుందక్కా?"

"అది ఎండి నాలుగేండ్లాయె."

"మరి పదిహేడో నంబరు?"

"అదా? మీవోళ్ళే వచ్చి రాసిపోయినారు ఆ నంబరు." ఓబమ్మ ఎదురుగా ఉన్న బీడు చూపించింది. "ఎర్రిస్వామి సొంత బోరు. మూడేండ్లు తన శెనక్కాయ ఎండబెట్టుకొని మా నలభై ఇండ్లకు నీళ్ళిడిసినాడు. ఒగ రూపాయి అడగలే."

"ఇప్పుడు పారుతాందా?"

"యాడ పారేది? ఎండి పదైదు దినాలు."

హేమలత బీడు వైపు రెండడుగులు వేసి ఆగింది.

"ఆయన్ని పిలుస్తావా అక్కా? ఈ పొద్దే ట్యాంకరు పంపిస్తా. ఆయనతో ఒక మాట చెప్పాల."

"మొన్న పాత బాయిలో పూడిక తీస్తాంటే మట్టిపెళ్ళ ఇరిగి పడింది. పైకి తీసేలోపల పానం పోయింది."

హేమలత అక్కడే బిందెల పక్కన కూలబడింది. ఈమెకేమైందో ఓబమ్మకు అర్థం కాలేదు.

"వద్దంటే యినలేదమ్మా. ‘రెండు తూర్లు అనంతపురం పోయొచ్చినా. ఆడ ఒక తల్లి బోరు ఎండిందని రాసుకునింది, ట్యాంకరు వస్తాది, అంతదాకా పిల్లోళ్ళకు నాలుగు బిందెలన్నా ఊరుతాయేమో చూస్తా’ అని దిగినాడు."