పదును ఆరకముందే

"సాక్ష్యం చెప్పడానికి పోయిన వాయిదాకు ఎందుకు రాలేదు?" అని మేజిస్ట్రేటు గద్దించారు.

"వాన పడింది సామీ. నేల పదునారకముందే ఇత్తనమెయ్యల్ల. వాన మీ మాదిరి వాయిదాలియ్యదు గదా," అన్నాడు యాడికి ఊరి రైతు బయ్యన్న.

కోర్టు హాలు పగలబడి నవ్వింది. చట్టం చదివినవారికి ఆకాశం వైపు చూసే అవసరం ఎన్నడు కలిగింది గనుక! జరిమానా కట్టాలి, లేదా జైలుకు పోవాలి. ఇంతకంటే దయ చూపలేమని కూడా సెలవిచ్చారు.

ఆనాడు విత్తిన పైరు ఎండిపోయింది. నిన్న మళ్లీ వాన కురిసింది. జైలుకు పోతే ఈ తడి పదునూ దక్కదు. రెండోసారి విత్తనాలు కొనడానికి తెచ్చుకున్న డబ్బంతా బయ్యన్న జరిమానా కింద కట్టేశాడు.

మెట్ల కింద రామాంజనేయులు బీడీ ఆర్పి ఎదురొచ్చాడు. సాక్షి రాలేదని ఆ వాయిదాలోనే న్యాయస్థానం నిర్దోషిగా విడిచిపెట్టిన మనిషి.

"ఏమన్నా, నీ బోరు మోటారు ఎత్తుకపోయింది నేనైతే, జరిమానా నీకేసినారా?" అంటూ నోట్లు ముందుకు చాచాడు. "ఇంద, ఇత్తనాలు కొనుక్కో. మోటారు అమ్మిన దుడ్లలో మిగిలినాయిలే."

బయ్యన్న కోర్టు వైపు ఒక్కసారి చూసి, రెండు చేతులతో తీసుకున్నాడు. అక్కడ చేలో నేల ఆరిపోతోంది.