చెరిపేసిన అంకెలు

ప్రకాశం రబ్బరు ముక్కతో పాత పియానో పుస్తకాన్ని గరగరా రుద్దుతుంటే, హాలు ఊడుస్తున్న పెద్దాయన చీపురు ఆపేశాడు.

"అన్నీ చెరిపినవా బిడ్డా?"

"చెరిపిన తాతా. అచ్చుల ఒక అంకె ఉంటే, ఎవడో పెన్సిలుతోని ఇంకో అంకె రాసిండు. వేళ్ళ లెక్క తెల్వనోడు! పాత సామాను బిగించే ముందు తుడవాలె గదా."

కార్ఖానాలో ఫిట్టరు మరి. చేతికొచ్చిన ప్రతిదాన్నీ తుడిచి గానీ వాడడు.

ఏ స్వరానికి ఏ వేలు పెట్టాలో చెప్పే అంకెలవి. పియానో లెక్కలో బొటనవేలు ఒకటి, చిటికెనవేలు అయిదు.

పెద్దాయన నేల మీద పడ్డ రబ్బరు పొట్టును ఎడమచేత్తో ఊడ్చుకుని వెళ్ళిపోయాడు. కుడిచెయ్యి ఎప్పటిలాగే కోటు జేబులో ఉంది. ఎండైనా వానైనా ఆ కోటు విప్పగా ఎవరూ చూడలేదు.

మాదన్నపేట చర్చి హాల్లో ఓ పాత పియానో ఉండేది. నలభై ఏళ్ళ ప్రకాశం, నర్సు లీలమ్మ రోజూ సాయంత్రం దాని మీదే సాధన చేసేవాళ్ళు. డెబ్బై నాలుగులో ఇద్దరూ ఎనిమిదో గ్రేడు పియానో పరీక్షకు పేర్లిచ్చారు. ఆ సర్టిఫికెట్ వస్తే ప్రకాశానికి మిషన్ బడిలో సంగీతం మాస్టరు ఉద్యోగం. కార్ఖానా పీడ వదులుతుంది. అక్కడి యంత్రమే అతని కుడి చిటికెనవేలిని కొయ్యముక్క చేసి పెట్టింది. అది వంగదు. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, బడికి తొడుక్కెళ్ళడానికి తెల్ల చొక్కా కూడా కుట్టించేశాడు.

పరీక్షలో మూడు పీసులు వాయించాలి. రెండు కుదిరాయి. మూడోదాని దగ్గరే తకరారు.

"నేనైతే నిదానమైంది తీస్కున్న," అంది లీలమ్మ. "నువ్వు గూడ తాత ఇచ్చిన పుస్తకంలది వాయించు ప్రకాశమన్నా. మస్తుంటది."

పత్తర్‌గట్టి పాత పుస్తకాల అంగట్లో దొరికిందంటూ, ప్రకాశం అంకెలు చెరిపిన ఆ పుస్తకం తెచ్చిచ్చింది పెద్దాయనే. ఆయనెవరో, ఏ ఊరివాడో ఎవరికీ తెలియదు. వానాకాలంలో వచ్చి ఊడ్చే పనిలో చేరాడు. పని లేనప్పుడు ప్రకాశానికి ఎడమపక్కన నిలబడి పేజీలు తిప్పేవాడు.

"ఎప్పుడు తిప్పాల్నో తాతకెట్ల తెలుస్తది?" అని లీలమ్మ ఓసారి అడిగింది.

"నేను తలూపుత, ఆయన తిప్పుతడు. గంతే."

ప్రకాశం మనసంతా ఉరుకులు పరుగుల పీసు మీదే ఉంది. పరీక్ష చేయడానికి ఇంగ్లండు నుంచి వచ్చే దొర నోరు వెళ్ళబెట్టాలి! ఓ సాయంత్రం అదే వాయిస్తుంటే, ఒకే చోట మూడుసార్లు చిటికెనవేలు తడబడింది.

"గది నీ చేతికి పడదు బిడ్డా," అన్నాడు పెద్దాయన మెల్లగా. "నేనిచ్చినది పట్టుకో."

చేతి మాట ఎత్తేసరికి ప్రకాశానికి చిర్రెత్తింది.

"నా చేతి సంగతి నీకెందుకు? చీపురు పట్టేటోనికి పియానో ముచ్చట్లేంది? పోయి నీ పని చూస్కో!"

పెద్దాయన పేజీ తిప్పి, చీపురు గోడకు ఆనించి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి హాలుకు రాలేదు.

పరీక్ష రోజున ఆ పరుగుల పీసులో చిటికెనవేలు సరిగ్గా అక్కడే మొండికేసింది. ప్రకాశం ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగాడు.

ఫలితాలొచ్చాయి. లీలమ్మ పాసయింది. ప్రకాశం తప్పాడు. మాస్టరు ఉద్యోగం ఇంకెవరికో పోయింది.

అప్పటి నుంచి పియానో ముందు కూర్చుంటే ఎడమపక్కన ఎవరో నిలబడ్డట్టే ఉండేది. తిరిగి చూస్తే గోడకు ఆనించిన చీపురొక్కటే కనిపించేది.

ఓ సాయంత్రం ఉన్నట్టుండి గుర్తొచ్చింది. వాయించేటప్పుడు తను ఏనాడూ తల ఊపలేదు. అంత పని మీద ఆ ధ్యాసే ఉండేది కాదు. మరి పెద్దాయన స్వరాలు చదవగలడన్నమాట!

ఆయనిచ్చిన పుస్తకం తీశాడు. కిటికీలోంచి ఏటవాలు ఎండ పేజీ మీద పడింది. రబ్బరు పెన్సిలును చెరిపింది గానీ, ఒత్తి రాసిన గుంటలను చెరపలేకపోయింది.

కుడిచేతి వరసల్లో ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఆరు పేజీలూ వెతికాడు. గుంటల్లో అయిదు ఎక్కడా లేదు.

ఆ గుంటలు చూసుకుంటూ వాయించాడు. చిటికెనవేలు ఊరికే పక్కన పడి ఉంది. మిగతా నాలుగూ ఎక్కడా తడబడలేదు. పేజీ తిప్పబోతే కాగితం అప్పటికే లేచి ఉంది. హాల్లో గాలి లేదు.

తన వేలి సంగతి కనిపెట్టి, తన కోసమే కూర్చుని రాశాడన్నమాట. ప్రకాశానికి ఏడుపొచ్చింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పెద్దాయనకు ఓసారి మందులిచ్చి వచ్చిన లీలమ్మను ఇల్లెక్కడో అడిగి లాడ్ బజార్ వెనక గల్లీకి పరుగెత్తాడు. పెద్దాయన అద్దెగది ముందు ఇంటావిడ సక్కుబాయి ఎదురొచ్చింది.

"ప్రకాశమంటే నువ్వేనా బిడ్డా? పొద్దుగాల పానం ఇడిసిండు. నీ పరీక్ష ఏమాయెనో అని నిన్నటిదాంక ఒకటే ఫికర్ జేసిండు."

మంచం మీద పెద్దాయన అదే కోటులో ఉన్నాడు. చేతులు రెండూ గుండెల మీద చేర్చడానికి సక్కుబాయి వంగింది.

కోటు జేబులోంచి తొలిసారి బయటికొచ్చిన ఆ కుడిచేతికి చిటికెనవేలు లేదు.