ఊగని సంచి

"పోయినేడు అమెరికాల బాక్సింగ్ పోటీల రాబిన్సన్ ఒక్క ఎడమ చేతి గుద్దుకే ఫుల్మర్‌ను పండవెట్టిండు. మిడిల్ వెయిట్‌ల అంతకన్న గట్టి గుద్దు యాడుంది?" అన్నాడు గుమస్తా ఐలేశం, పేపరు మడుస్తూ.

"బసీలియోది లేదా? ఇద్దరినీ ఆడనే ఉండనీ. మన అమరేందర్‌ది జూడుండ్రి!" అన్నాడు హమాలీ భిక్షం.

ఆలేరు స్టేషన్ పక్కన ఆముదాల గోదాములో, బండ్లు రాని మధ్యాహ్నాల్లో ఇదే పంచాయితీ.

అమరేందర్ కూడా అక్కడ హమాలీయే. కాంటా మీద డెబ్బయెనిమిది శేర్లు తూగుతాడు. మిడిల్ వెయిట్ అంటే సరిగ్గా అంతేనని ఐలేశం లెక్కకట్టి చెప్పిన నాటి నుంచి, బాక్సింగ్ నేర్చుకోవాలని అతనికి ఒకటే ఆశ. నేర్పేవాళ్లే లేరు.

అతను లేచి, దూలానికి వేలాడదీసిన ఆముదాల సంచిని గుద్దాడు.

సంచి ఊగి ఎదుటి గోడకు తగిలింది. అందరూ ఈలలు వేశారు.

"గది నూకుడు. గుద్దు గాదు."

గడపలో ఒక బక్కపలచని పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ఎవరికీ తెలిసిన ముఖం కాదు.

"నూకితే సంచి పోతది. గుద్దితే సంచి ఆడనే ఉంటది, దెబ్బ లోపటికి పోతది," అన్నాడు.

"గట్లనా కాకా? జర వివరంగ చెప్పు," అంటూ ఐలేశం ఆయనకు గోనెపట్టా పరిచాడు. భిక్షం బీడీ ఇచ్చాడు.

మడమ ఎలా అదమాలో, భుజం ఎలా తిప్పాలో ఆయన చెబుతుంటే అందరూ చుట్టూ మూగారు.

అమరేందర్ వైపు ఒక్కరూ చూడలేదు. అతను వాళ్లను తోసుకుంటూ ముందుకు వచ్చాడు.

"మాటలు ఎవలైన చెప్తరు. ఒక్కటి గుద్ది సూపియ్యి కాకా!"

పెద్దమనిషి లేచి, జానెడు దూరం నుంచి ఒక్క గుద్దు వేశాడు.

సంచి అదిరింది. ఊగలేదు.

"ఈగను తోలినవా కాకా?" భిక్షం పగలబడి నవ్వాడు.

పెద్దమనిషి అమరేందర్‌ను పిలిచాడు. "బిడ్డా, చెయ్యి వెట్టి సూడు. ఏమైందో నీ దోస్తులకు నువ్వే చెప్పు."

అమరేందర్ చెయ్యి పెట్టాడు. గోనె కింద పిడికిలంత గుంట. లోపల గింజలు చితికి పిండయ్యాయి. వేళ్లకు నూనె జిడ్డు తగిలింది.

ఐలేశం ఇంకా ఆ పెద్దమనిషినే చూస్తున్నాడు. ఇన్నేళ్లలో అమరేందర్‌ను ఒక్కనాడూ అలా చూడలేదు.

అమరేందర్ వేళ్లు రుమాలుకు తుడుచుకున్నాడు.

"ఏం గాలే. ఒక్క గింజ గూడ కదల్లే."

గోదామంతా గొల్లున నవ్వింది.

పెద్దమనిషి అతని కళ్లలోకి కాసేపు చూశాడు. "మంచిది బిడ్డా," అని వెళ్లిపోయాడు.

రైలు కూత వినపడ్డాక అమరేందర్ ఇక ఉండలేకపోయాడు. అబద్ధమాడానని ఆ ఒక్క మనిషికైనా చెప్పాలని స్టేషన్‌కు ఉరికాడు. అప్పటికే రైలు కదిలిపోయింది.

టికెట్లిచ్చే కృష్ణయ్య కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఏందిరా, నువ్వు పోలేదా? సికిందరాబాద్‌ల బాక్సింగ్ నేర్పే ఉస్తాద్ గద ఆయన. నీ గుద్దు సంగతి ఎవలో చెప్తె విని, నిన్ను తోల్కపోనీకని పొద్దున రెండు టికెట్లు గొని, గిప్పుడే ఒకటి వాపస్ ఇచ్చి పోయిండు."