గోడౌనులో చోటు

“సాయంత్రం బండికి నువ్వు మళ్ళీ గుంటూరు పోవాల. అంతే,” అంది దీనమ్మ.

నిత్యానందం రేకుపెట్టె మీద తల వంచుకుని కూర్చున్నాడు. కాలేజీ మానేసి ఆ పొద్దున్నే గిద్దలూరులో రైలు దిగాడు. ఒంటి మీది చొక్కా కొయ్యకు తగిలించినట్టు వేలాడుతోంది.

“పోయి యాడుండాలమ్మా? నన్ను ఇంట్లో పెట్టుకున్న దావీదు మామను బెజవాడకు మార్చినారు. ఆ క్వార్టర్సు ఇంకొకరికిచ్చినారు. పది దినాలు ఒక చర్చి వరండాలో పండుకున్నా. మొన్న వాచ్‌మను నా గోనెపట్ట తీసి రోడ్డు మీద పారేసినాడు.”

“తిండి?”



“హోటల్లో నీళ్ళు అడిగితే పోస్తారు,” అన్నాడు. “మొన్న లెక్కల క్లాసులో పడిపోయినా. కండ్లు తెరిస్తే అందరూ చుట్టూ నిలబడి చూస్తాండారు. ఈ యుద్ధంలో బియ్యం దొరక్క ఉన్నోళ్ళే అల్లాడతాండారు. నాకెవురు పెడతారు? నేను పోనమ్మా. నీతో కూలికొస్తా.”

దీనమ్మ జొన్న సంకటి పెట్టింది. వాడు తినే తీరు చూడలేక గుమ్మం వైపు తిరిగింది.

“పొద్దు గూకేలోపల నీకు చోటు చూసుకొస్తా. యాడికీ పోబాక,” అని బయటికి నడిచింది.

శ్రీరాములు శెట్టి గిద్దలూరులో వేరుశనగ వ్యాపారి. గుంటూరులో ఆయన తమ్ముడు నూనె మిల్లు నడుపుతున్నాడు. దీనమ్మ ఏటా శెట్టి కల్లంలో కాయలు ఒలిచేది.

“మా తమ్ముడి ఇంట్లోకి మీవోణ్ణి ఎట్ల రానిస్తారు దీనమ్మా? నువ్వే చెప్పు,” అన్నాడు శెట్టి, ఆమె సంగతంతా విని.

“ఇంట్లోకి వద్దు సామీ. మిల్లు గోడౌను ఉండాది గదా, బస్తాల పక్కన పండుకుంటాడు. కూలోళ్ళకు వండేదాంట్లోనే ఇంత పెట్టించండి. ఒక్క పూట పెట్టినా చాలు.”

“ఒకణ్ణి పెట్టుకుంటే పది మందొస్తారు. పో, పోయి పని చూసుకో.”

ఆమె పోలేదు. దుకాణం మెట్ల కింద కూర్చుంది. బేరగాళ్ళు ఆమెను దాటుకుంటూ వచ్చారు, పోయారు. శెట్టి భోజనానికి లేచి ఇంటికి పోయి, ఒక కునుకు తీసి తిరిగి వచ్చాడు. ఆమె ఎండలో అక్కడే ఉంది.

“నీకొక ఆడపిల్ల ఉండాల గదా?” అన్నాడు శెట్టి తాళాలు పక్కన పెడుతూ.

“ఉండాది సామీ. ప్రేమకుమారి. ఏడో తరగతి చదువుతాండాది.”

“మా గొడ్లకాడ మనిషి మానుకున్నాడు. పేడ తియ్యాల, కుడితి పెట్టాల. ఆ పిల్లను తెచ్చి మా దొడ్లో ఉంచు. మీవోడికి అక్కడ గోడౌనులో చోటిస్తా, రెండు పూటలా కూడు పెట్టిస్తా. కానీ ఒక మాట. వాడు చదివినా, మధ్యలో మానుకున్నా, పిల్ల మాత్రం రెండేండ్లు నాకాడే ఉండాల. కాయితం మీద వేలిముద్ర వెయ్యాల. ఈ పొద్దే తోలుకరా.”

ప్రేమకుమారి క్లాసులో అందరికన్నా ముందుంటుంది. పిల్లను నర్సు చదువుకు పంపిద్దామని పంతులమ్మ పోయిన ఆదివారమే అంది. కానీ పొద్దున చూసిన కొడుకు మెడ ఎముకలు ఆమె కళ్ళ ముందు నుంచి పోవడం లేదు.

“తోలుకొస్తా సామీ,” అంది.

బడిలోంచి పిల్లను మధ్యలోనే లేపుకుని వచ్చింది. దారిలో సంగతి చెప్పింది. ప్రేమకుమారి పుస్తకాలు చంకలో పెట్టుకుని తల్లి పక్కనే నడిచింది.

“ఎన్నాళ్ళమ్మా?”

“రెండేండ్లు. అన్న బి.ఏ. అయ్యిందాక.”

“ఆ తరవాత నన్ను మళ్ళీ బడిలో కూర్చోనిస్తారా?”

దీనమ్మ చీర కొంగుతో ముఖం తుడుచుకుంది. శెట్టి దొడ్లో అడుగు పెట్టగానే పిల్ల పావడా ఎగదోపుకుని తట్ట అందుకుంది. దీనమ్మ కాగితం మీద వేలిముద్ర వేసి, గుంటూరు మిల్లుకు శెట్టి రాసిచ్చిన జాబు తీసుకుని వెనక్కి చూడకుండా బయట పడింది.

ఇంటి దగ్గర కొడుకు లేడు.

“స్టేషనుకు పోయినాడక్కా, ఇంతకు ముందే,” అంది పక్కింటి ఎలీషబా.

దీనమ్మ గుండె మీది బరువు దిగినట్టయింది. మాట విన్నాడు, కాలేజీకే పోతున్నాడు అనుకుంది. చేతిలో జాబుతో పరుగు లాంటి నడకతో స్టేషను చేరింది. బండి నిలబడి ఉంది. మూడో తరగతి పెట్టెలో, తన ఈడు కుర్రవాళ్ళ మధ్య నిత్యానందం కనిపించాడు.

“ఇదిగో నాయనా, శెట్టి జాబు. గోడౌనులో ఉండొచ్చు. రెండు పూటలా కూడు. ఎవురూ నిన్ను లెయ్యమనరు.”

వాడు జాబు రెండుసార్లు చదివాడు. మడిచి ఆమె చేతిలోనే పెట్టాడు.

“ఈ బండి గుంటూరు పోదమ్మా, గుంతకల్లు పోతాది. మధ్యాన్నం స్టేషను ముందర ముసాఫరుఖానా సత్రం కాడ పట్టాళంలోకి మనుషుల్ని తీసుకుంటాంటే పోయినా. కూడు, గుడ్డ, ఉండేదానికి చోటు, అన్నీ వాళ్ళే ఇస్తారంట.”

దీనమ్మ కిటికీ ఊచలు రెండు చేతులా పట్టుకుంది. “దిగు. దిగి వద్దని చెప్పు.”

“సంతకం పెట్టినా. ఇప్పుడు దిగితే జైల్లో ఏస్తారు.”

ఈల మోగింది. ఊచలు ఆమె చేతుల్లోంచి జారిపోతున్నాయి. నిత్యానందం కిటికీకి ముఖం ఆనించి, చక్రాల చప్పుడును మించి వినబడేట్టు చెప్పాడు.

“ఏడవబాకమ్మా. నా జీతం నెలనెలా నీకే వస్తాది. నా చదువు ఎట్లాగూ పాయె, చెల్లెల్ని మాత్రం బడి మానిపించబాక.”