మోటారుకు కొట్టిన కొబ్బరికాయ

విప్పిన మోటారు గోనెసంచి మీద పడి ఉంది. తొమ్మిది రోజుల కిందట పెట్టిన కుంకుమబొట్టు దాని నెత్తి మీద ఇంకా చెదరలేదు.

లోపలి రాగితీగ మాత్రం మాడి బొగ్గయింది.

దాన్ని విప్పింది జానీ పాషా. సిద్దిపేటలో దామోదర్ సేటు మోటార్ల దుకాణంలో పన్నెండేళ్లుగా అతనే మెకానిక్కు. కాలిన వాసన చూసి మోటారు రోగం చెబుతాడని పేరు.

ఈ రోగానికి వాసన కూడా అక్కర్లేదు. తీగకూ ఇనుముకూ మధ్య ఉండాల్సిన కాగితం ఒకచోట లేనే లేదు. కంపెనీలో ఎవడో పెట్టడం మరిచాడు. మళ్లీ తీగ చుట్టినా నిలిచే మోటారు కాదు, కొత్తది ఇవ్వాల్సిందే.

నిన్న సాయంత్రమే ఆ మాట సేటు చెవిన వేశాడు. సేటు ఔననలేదు, కాదనలేదు. చాయ్ తెప్పించాడు.

ఇవాళ హైదరాబాద్ నుంచి కంపెనీ ఇంజనీరు దిగాడు. ఇస్త్రీ చొక్కా నలగకుండా మోటారుకు రెండడుగుల దూరంలోనే ఆగాడు.

కొండపాక నుంచి ఐలవ్వ మొదటి బస్సుకే వచ్చి మెట్టు మీద కూర్చుంది. పాడిబర్రెను అమ్మి కొన్న మోటారు. అక్కడ రెండెకరాల వరి పొట్ట మీద ఉంది, మడి నెర్రెలు బారుతోంది.

"దీని మీద నీళ్లేమైనా పడ్డాయా అమ్మా?" ఇంజనీరు అడిగాడు.

ఐలవ్వ మొహం విప్పారింది. తమ వైపు నుంచి ఏ లోపమూ జరగలేదని చెప్పుకునే వీలు దొరికిందనుకుంది, పిచ్చి తల్లి.

"పడకేంది సారూ! ఈడ సేటు కొబ్బరికాయ కొట్టి నీళ్లు సల్లిండు. బాయికాడ మా కొత్త కోడలు ఇంకోటి కొట్టింది. దాని చేత్తోనే స్విచ్చేపిచ్చిన, లచ్చిమసొంటి పిల్ల. అన్నీ పద్ధతిగనే చేసినం."

ఇంజనీరు రాసుకున్నాడు.

కొత్త మోటారు గడప దాటే ముందు కొబ్బరికాయ కొట్టడం ఆ దుకాణం ఆనవాయితీ. సేటు చేతివాసి మంచిదని గజ్వేల్ వాళ్లు కూడా అక్కడి దుకాణాలు వదిలి ఇక్కడికే వచ్చేవారు. కాయ పగిలేది గడపరాయి మీద. మోటారు మీద చిలకరించేది నాలుగు చుక్కలు. వాటికి ఒక్క మోటారూ చెడిపోలేదని పాషాకు తెలుసు, సేటుకూ తెలుసు.

"లోపలికి నీళ్లు పోతే గ్యారంటీ వర్తించదు," అన్నాడు ఇంజనీరు.

"నేను రాయి మీద కొడ్త సార్. మోటర్ మీద చుక్క పడనియ్య," సేటు చటుక్కున అందుకున్నాడు. "బాయికాడ వీళ్లే పోసి ఉంటరు."

"ఎవలు పోయలే!" ఐలవ్వ లేచి నిలబడింది. బొడ్లో దోపుకున్న సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. "మా ఊరి బడిపంతులు రాసిచ్చిండు. సంగారెడ్డిల, కొని మోసపోయిన మనసొంటోళ్ల కోసం కోర్టు పెట్టిన్రట. వకీలు గూడ అక్కర్లేదట. ఆడికే పోత."

కోర్టు అనేసరికి సేటు గొంతు మెత్తబడింది.

"మోటర్ ఇప్పింది పాషాభాయ్. ఆయననే అడుగున్రి."

పన్నెండేళ్లలో సేటు నోట భాయ్ అనే మాట రావడం అదే మొదలు.

"గా మాట మంచిగున్నది," అంది ఐలవ్వ. "పాషా, నువ్వు చెప్పు బిడ్డా. కంపెనీ తప్పంటే సంగారెడ్డి పోత. మా తప్పంటే నోర్మూసుకొని ఇంటికి పోత. ఇంకెవల మాట నాకు వద్దు."

కాగితం లేని ఆ చోటు పాషా వేలికి జానెడు దూరంలో ఉంది. వేలు కదల్లేదు.

ఈ ఏడాది ఇప్పటికే రెండు మోటార్లు వాపసు పోయాయి. మూడోది వస్తే ఏజెన్సీ ఎదుటి దుకాణానికి ఇస్తామని కంపెనీ ఉత్తరం రాసింది. ఏజెన్సీ పోతే దుకాణం లేదు, దుకాణం లేకపోతే నలభై ఏడేళ్ల వయసులో ఇంకో సేటు గడప తొక్కాలి. ఇంతమాత్రానికే మనిషి లొంగుతాడా అంటే, లొంగుతాడు.

"లోపట తడి ఉండె సార్," అన్నాడు.

ఇంజనీరు సంతకం పెట్టి చేతులు దులుపుకున్నాడు.

ఐలవ్వ ఏడవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. పంతులు రాసిన కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి, సేటు దుకాణం పాడవకుండా ఆ ముక్కలు తన కొంగులోనే ముడేసుకుంది.

ఆ ముడి చూడలేక పాషా ఆమె వెంట బస్టాండు దాకా నడిచాడు.

"నేను గా బాయికాడనే ఉన్న పాషా," అంది ఐలవ్వ. "పోసినట్టు నా కండ్లకైతే కనవడలే. అయినా నువ్వు చెప్పినంక ఇంకేమున్నది? గా కోడలు పిల్లే పోసింది."

పాషా కొండపాక బస్సు ఎక్కడుందో వెతికాడు.

"అడుగు పెట్టి ఆర్నెల్లు కాలె. బర్రె పాయె, మోటర్ పాయె, రేపు వరి పోతది. దాన్ని ఇయ్యాలనే అవ్వగారింటికి తోలిస్త. మల్ల నా గడప తొక్కనియ్య."

కొండపాక బస్సు కదలబోతోంది. కండక్టరు రేకు మీద దబదబా కొడుతున్నాడు.

నిజం చెప్పాలంటే ఒక్క మాట చాలు. అది పాషా నాలుక చివరి దాకా వచ్చింది.

ఐలవ్వ మెట్టెక్కి, చువ్వ పట్టుకుని, వెనక్కి తిరిగింది. "ఏమంటవ్ బిడ్డా?"

"చిన్నపిల్ల అవ్వా," అన్నాడు పాషా. "తెల్వక పోసింది. ఏమనకు."